వ్యాను ఆగని మలుపు

లోర్నా భయం ఒక్కటే. తను చూడని ఒక్క నిమిషంలో డీన్ ఇంట్లోంచి వెళ్ళిపోతాడని, ఇక తిరిగి రాడని.

అందుకే పిల్లకు పాలు పడుతున్నా, కుళాయి కింద గిన్నెలు తోముతున్నా ఆమె చెవులు మెట్ల దగ్గరే ఉంటున్నాయి. మెట్టు కిర్రుమంటే గుండె జారుతుంది. కిర్రుమనకపోతే ఇంకా కిందికి జారుతుంది.

మంగళవారం పొద్దున వ్యాను తన మలుపు దగ్గర ఆగకుండా పోయినప్పటి నుంచీ డీన్ మెట్ల మీదే కూర్చుంటున్నాడు. వీధి గుమ్మానికి ఎదురుగా, ఒంటి మీద ఆ ఆకుపచ్చ కోటుతో, ఒళ్ళో డ్రమ్ము కర్రల సంచితో. ఎవరో పిలిస్తే లేచి పోవడానికి సిద్ధంగా ఉన్నవాడిలా. ఇవాళ శుక్రవారం. ఎవరూ పిలవలేదు.

"కోటన్నా విప్పు," అంది లోర్నా వంటింటి గుమ్మంలోంచి.

"చలిగా ఉంది."

"హీటరు వేశాను."

"వేశావు. నాకు చలిగానే ఉంది."

అంతే. పొద్దుటి నుంచి ఇద్దరి మధ్యా నడిచిన మాటలు ఆ నాలుగే.

వంటింటి బల్ల దగ్గర డీన్ వాళ్ళమ్మ డోరీన్ కూర్చుని ఉంది. వస్తూ వస్తూ హెస్సిల్ రోడ్డు మీద బంగాళదుంప ప్యాటీలు, చిప్స్ కట్టించుకొచ్చింది. ఆ పొట్లం విప్పినవాళ్ళు లేరు. కాగితం మీద నూనె మరక నెమ్మదిగా పెద్దదవుతోంది.

"మంగళవారం బట్టలు ఉతికావు కదూ," అంది డోరీన్.

లోర్నా వెనక్కి తిరగలేదు. "పిల్ల దుప్పటంతా కక్కింది డోరీన్. ఉతక్క ఏం చెయ్యను?"

"బకెట్లో నానేసి ఉంచొచ్చు. మర్నాడు ఉతుక్కోవచ్చు. మగాడు బయల్దేరే రోజు ఇంట్లో బట్ట తడవకూడదు తల్లీ. తడిస్తే మనిషి కొట్టుకుపోతాడు. మా నాన్న చేపల పడవెక్కే రోజు మా అమ్మ చేతిరుమాలు కూడా ఉతికేది కాదు."

"అయినా మునిగిపోయాడు కదా మీ నాన్న."

అనేశాక లోర్నా నాలిక కరుచుకుంది. డోరీన్ మాత్రం కళ్ళయినా ఆర్పలేదు.

"ఆ రోజు పక్కింటావిడ ఉతికింది," అంది.

వేరే రోజైతే లోర్నా నవ్వేది. మెట్ల మీది నుంచి డీన్ కూడా ఏదో ఒకటి అని నవ్వించేవాడు. ఇవాళ అటునుంచి ఉలుకూ పలుకూ లేదు. లోర్నా చెయ్యి తుడుచుకుని తొంగి చూసింది. ఉన్నాడు. కర్రల సంచి జిప్పు తీస్తున్నాడు, వేస్తున్నాడు.

"బ్యాండులో నీ చోటు పోయినప్పుడు నువ్వు వారం రోజులు ఏడ్చావు," అంది డోరీన్, ఈసారి గొంతు తగ్గించి. "వాడి చోటు పోతే నీకు కన్నీటి చుక్క రావడం లేదు. చూస్తూనే ఉన్నాను."

"ఇద్దరం ఏడుస్తూ కూర్చుంటే పిల్లకి పాలెవరు కలుపుతారు?"

"ఏడవమనలేదు. లోపల ఎక్కడో నీకు చల్లగా ఉందా అంటున్నాను."

లోర్నా చేతిలోని పాలసీసా బల్ల మీద కొట్టినట్టు పెట్టింది. "ఉంది. చాలా చల్లగా ఉంది. స్కూలు చివరి పరీక్ష రోజున నేను గ్లాస్గోలో ఎవరి మూత్రశాలలోనో బట్టలు మార్చుకుంటున్నాను, వీళ్ళ బ్యాండు కోసం. ఇవాళ నా కూతురికి రేప్పొద్దున లెక్కలు నేర్పాలంటే నాకు రాదు. నాకు వచ్చింది ఆ బేస్ గిటారు నాలుగు తీగలే. వాటినీ లాక్కున్నారు. ఇప్పుడు నా మొగుణ్ణి లాక్కున్నారు. చల్లగా ఉండక ఎలా ఉంటుంది?"

"అమ్మా," అన్నాడు డీన్ మెట్ల మీది నుంచి. "ఇంటికెళ్ళు."

డోరీన్ లేచింది. కోటు గుండీలు పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. గుమ్మం దాటేటప్పుడు కొడుకు మోకాలి మీద చెయ్యి వేసింది కానీ కోడలి వంక చూడలేదు.

"మళ్ళీ పిలిస్తేనే వస్తాను," అంది. తలుపు దానంతట అదే మూసుకుంది.

*

'పేపర్ చిమ్నీస్' బ్యాండులో ఇప్పటిదాకా ఎవరినీ ఎవరూ 'నువ్వొద్దు' అనలేదు. పదేళ్ళుగా అదే పద్ధతి. గారెత్ పాటలు రాస్తాడు, పాడతాడు, వేలమంది ముందు చొక్కా విప్పి గంతులేస్తాడు. ఎదుటి మనిషి మొహం చూసి ఒక్క చేదు మాట మాత్రం అనలేడు. అందుకని ప్రయాణం రోజున వ్యాను ఎవరి మలుపు దగ్గరికి వాళ్ళ కోసం వస్తుంది. ఆగితే నువ్వు బ్యాండులో ఉన్నట్టు. ఆగకపోతే లేనట్టు. ఆ తరవాత ఫోన్లుండవు, సంజాయిషీలుండవు.

ఒకే తరగతిలో చదివిన నలుగురు మొదలుపెట్టిన బ్యాండు అది. ముందు లోర్నా కోసం ఆగలేదు. తరవాత గిటారు వాయించే ఐవర్ కోసం. ఐవర్ పెట్రోలు బంకు దగ్గర మధ్యాహ్నం దాకా నిలబడి, గిటారు అక్కడే గోడకి ఆనించి, నడుచుకుంటూ వెళ్ళిపోయాడని పోయిన వారమే చెప్పుకున్నాం. ఇప్పుడు డీన్. ఇక పాతవాళ్ళలో మిగిలింది గారెత్ ఒక్కడే.

డీన్ విషయంలో ఇంకో ముల్లు ఉంది. మణికట్టు వాచిందని తన బదులు వాయించడానికి కొత్తవాడిని తెచ్చింది డీనే. ముందు గదిలో కూర్చోబెట్టి దిండ్ల మీద కొట్టిస్తూ పాటలన్నీ నేర్పింది డీనే. ఎక్కడ కొట్టాలో, ఎక్కడ ఆగాలో, అన్నీ. లోర్నా ఆ కుర్రాడికి టీ పెట్టి ఇచ్చింది. మంచివాడు, కప్పు కడిగి పెట్టి వెళ్ళాడు.

వాపు తగ్గింది. కొత్తవాడు ఉండిపోయాడు.

*

ఇళ్ళ వెనక సందులోకి తలుపు తీసి లోర్నా దుప్పట్లు ఆరేస్తోంది. లోపల మిషనులో రెండో విడత తిరుగుతోంది. ఎల్సీ తోపుడు బండిలో కూర్చుని బట్టల పిన్ను చీకుతోంది. ఎండ లేదు. నది మీది నుంచి వచ్చే తడి గాలికి ఏ బట్టా ఆరదని తెలుసు, అయినా ఆరేస్తోంది.

"బాగున్నావా, లోర్నా?"

దుప్పటి అవతల బూట్లు కనబడ్డాయి. ఖరీదైన బూట్లు, కావాలని నలగ్గొట్టినవి. గారెత్.

"వీధి గుమ్మం అటువైపుంది," అంది లోర్నా.

"అక్కడ వాడున్నాడుగా."

"ఉన్నాడు. నీ కోసమే కోటు వేసుకుని కూర్చున్నాడు. సిగ్గు లేదని నీకెవరన్నా చెప్పారా?"

"పత్రికలో రాశారు. పొగడ్త కిందే రాశారు." నవ్వబోయి మానుకున్నాడు. పిల్ల వైపు వంగాడు. "దీని పేరేంటి?"

"ఎల్సీ. పుట్టినప్పుడు కార్డు పంపావు."

"మేనేజరు పంపుంటాడు."

లోర్నా ఇంకో దుప్పటి దులిపింది. నీళ్ళు అతని మొహం మీద పడ్డాయి. తుడుచుకోలేదు.

"నువ్వు రావాలి," అన్నాడు. "ఇవాళ లీడ్స్‌లో వాయిస్తున్నాం. మొదటి రికార్డుకి పదేళ్ళని ఊరూరా కచేరీలు పెట్టాం. ఎక్కడికెళ్ళినా జనం అడిగేది 'గుమ్మం దీపం' ఒక్కటే. ఆ పాట చచ్చిపోతోంది, లోర్నా."

ఆ పాట సంగతి లోర్నాకి చెప్పక్కర్లేదు. మొదట బేస్ గిటారు ఒక్కటే నడుస్తుంది, లోర్నా తల ఊపగానే డ్రమ్ములు పడాలి. రికార్డు చేసిన రోజున ఆమె ఊపడం మర్చిపోయింది. డీన్ కర్రలు ఎత్తి పట్టుకుని అలాగే ఆగిపోయాడు. ఆమె తేరుకుని ఊపేదాకా ఆగాడు. ఆ తప్పు అలాగే రికార్డులోకి పోయింది. రేడియోలో ఆ ఖాళీ వచ్చిన ప్రతిసారీ దేశమంతా ఊపిరి బిగబట్టింది. తరవాత, ఆమె లేని వేదికల మీద, డీన్ తనకి తానే తల ఊపుకుని వాయించేవాడు.

"కొత్తవాడికి డీన్ నేర్పాడుగా."

"నేర్పాడు. వాడు లెక్కపెట్టి ఆగుతాడు. ఎంతసేపు ఆగాలో అంతే ఆగుతాడు. అదే చచ్చిన గొడవ. జనం ఊపిరి బిగబట్టడం లేదు, మధ్యలో బీరు తెచ్చుకోడానికి వెళ్తున్నారు. నువ్వు అక్కడ నిలబడితే వాడు నిన్ను చూసి ఆగుతాడు."

"మర్చిపోయింది నేను. ఆగింది డీన్. ఆగినవాడు కదా కావలసింది?"

గారెత్ మొహం తుడుచుకున్నాడు.

"డీన్‌కి ఎవరు చెప్తారు?"

గారెత్ బూటుతో సందులోని గులకరాయిని అటూ ఇటూ దొర్లించాడు.

"మంగళవారం వ్యాను నడిపిందెవరు?"

"కొత్తవాడు."

"మలుపులో డీన్ ఉన్నాడని చెప్పలేదా?"

"నేను ఫోను చూసుకుంటున్నాను."

"నన్ను వదిలేసి పోయిన రోజు కూడా ఫోనే చూసుకున్నావా?"

"ఆ రోజు వెనక సీట్లో పడుకున్నాను. ఒట్టు. ఎందుకు ప్రతిదీ నా మీద పెడతారు? నడిపింది నేనా? నాకప్పుడు లైసెన్సే లేదు. మన నలుగురిలో లైసెన్సు ఉన్నది ఒక్కడికేగా."

లోర్నా చేతిలో పిన్ను దుప్పటి అంచు మీదే ఆగింది.

"వెనక సీట్లో పడుకుంది డీన్," అంది. "మేనేజరు నడుపుతున్నాడని, తను లేచేసరికి హైవే మీదున్నామని చెప్పాడు."

గారెత్ ఆమె మొహంలోకి చూశాడు. ఈ ఒక్కసారి నిజంగానే చూశాడు.

"అలా చెప్పాడా?" అన్నాడు. తరవాత, "వ్యాను సందు చివర పెట్టాను. పెట్రోలు పోయించుకుని ముందు గుమ్మానికి వస్తాం. గిటారు తీసుకుని నిలబడు. పిల్లని డోరీన్ చూసుకుంటుంది," అని సందులోంచి వెళ్ళిపోయాడు.

*

వంటింటి తలుపు ఆ మొత్తం సేపూ తెరిచే ఉంది.

లోర్నా పిల్లని ఎత్తుకుని లోపలికి వచ్చింది. డీన్ అదే మెట్టు మీద ఉన్నాడు. తల ఎత్తలేదు. విన్నాడని అర్థమైంది.

"నువ్వే నడిపావా?"

వంటింట్లో మిషను గుడగుడమంటోంది.

"చెయ్యెత్తావు," అన్నాడు డీన్. "బస్సుని ఆపినట్టు. కాళ్ళ మధ్య గిటారు పెట్టె. ఆ ఎర్ర టోపీ."

"చూశావన్నమాట."

"దాటాక అద్దంలో కూడా చూశాను. చెయ్యి దించలేదు నువ్వు."

"బ్రేకు మీద కాలు వెయ్యడానికి ఎంతసేపు పడుతుంది, డీన్?"

"వేశాను." కర్రల సంచి వైపు చూస్తూ చెప్పాడు. "వేసి, తీశాను."

పిల్ల లోర్నా జుట్టు పట్టుకుని లాగుతోంది. ఆమెకి తెలియడం లేదు.

"గారెత్ పడుకున్నట్టు నటించాడు," అన్నాడు డీన్. "ఏమీ అనలేదు. వాడేమీ అనకపోతే ఏం చెయ్యాలో మనందరికీ తెలుసు కదా. ముందు రోజే నువ్వు కడుపుతో ఉన్నానని చెప్పావు. నువ్వు ఎక్కితే, రేపో మాపో ఇద్దర్నీ దింపేస్తారనుకున్నాను."

"దింపితే?"

"అప్పుడది చావులా కనిపించింది."

"ఇప్పుడు?"

డీన్ సంచి జిప్పు వేశాడు, మళ్ళీ తీశాడు.

"ఐవర్ కోసం ఆగనిది కూడా నువ్వేనా?"

"నేనే."

"అప్పటినుంచీ నా పక్కనే పడుకున్నావు. పిల్లని కన్నాం. ఆ మలుపు మీదుగా రోజూ దాన్ని తోసుకుంటూ వెళ్ళాను. ఒక్కసారన్నా నోరు తెరవాలనిపించలేదా?"

"రోజూ అనిపించింది."

ఆ మాట చెప్పిన తీరుకి లోర్నాకి జాలి పుట్టాల్సింది. పుట్టలేదు. ఎర్ర టోపీ పెట్టుకుని చెయ్యెత్తి నిలబడ్డ అప్పటి లోర్నా ఒక్కతే కళ్ళ ముందు కనబడుతోంది.

"వెళ్ళు, లోర్నా," అన్నాడు డీన్ మెల్లగా. "వాడు అడిగాడుగా. గిటారు మంచం కిందే ఉంది, తీగలు కూడా మొన్నే మార్చాను. ఎందుకు మార్చానో నాకే తెలీదు. వెళ్ళు. పిల్లని నేను చూసుకుంటాను."

"నీ చేతిలో పెట్టి వెళ్ళాలా? నువ్వు నడిపే బండి ఎవరి కోసమూ ఆగదు కదా."

మాట నోరు దాటాక వెనక్కి రాదు. డీన్ దెబ్బ తిన్నట్టు ఉలిక్కిపడితే బాగుండేది. ఎదురు తిరిగి అరిస్తే ఇంకా బాగుండేది. అతను తల ఊపాడు, అంతే. వేదిక మీద ఎవరూ ఊపకపోతే తనకి తాను ఊపుకునే ఊపు అది. ఇక మొదలుపెట్టవచ్చన్నట్టు.

పిల్ల ఏడుపు లంకించుకుంది. డైపరు నిండిపోయింది, ఒంటి మీది బట్టలూ తడిశాయి. మార్చాలంటే మేడ మీది గదిలోకి వెళ్ళాలి. డీన్ మోకాళ్ళు పక్కకి తిప్పి దారి ఇచ్చాడు. దాటేటప్పుడు ఆమె గౌను అతని భుజానికి రాసుకుంది. ఆగి ఒక మాట అందామనుకుంది. పిల్ల గుక్కపట్టింది. ముందు ఇది చూసి వద్దాం అనుకుంది.

*

మేడ మీద ఉన్నంతసేపూ ఆమె చెవులు మెట్ల మీదే ఉన్నాయి.

ఉన్నాయి కానీ, పిల్లకి పొడి చల్లుతుండగా కింద బట్టల మిషను నీళ్ళు పిండడం మొదలుపెట్టింది. పాత మిషను. పిండేటప్పుడు గోడలు అదురుతాయి, అరలో కప్పులు గలగలమంటాయి, మనిషి పక్కన నిలబడి అరిచినా వినబడదు. లోర్నా పిల్లని గుండెకి అదుముకుని నిలబడింది. ఆగు, ఆగు అనుకుంటూ.

మిషను ఆగింది.

ఇల్లంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. అలాంటి నిశ్శబ్దం మనిషి ఉన్న ఇంట్లో ఉండదు.

"డీన్?"

మెట్లు ఖాళీగా ఉన్నాయి. వీధి తలుపు చేరవేసి ఉంది. కర్రల సంచి మెట్టు మీద నిలువుగా, జాగ్రత్తగా ఆనించి ఉంది. దాని మీద అతని ఫోను. ప్రసవం రోజున ఆసుపత్రిలోకి కూడా ఆ సంచి పట్టుకొచ్చిన మనిషి.

బయల్దేరే రోజు బట్ట తడవకూడదు. డోరీన్ గొంతు చెవిలో వినబడింది. లోర్నా ఆ గొంతుని నెట్టేసి డోరీన్‌కే ఫోన్ చేసింది. మోగింది, మోగింది. పిలిస్తేనే వస్తానన్న మనిషి పిలిస్తే ఎత్తలేదు.

బయట హారన్ మోగింది.

పిల్లని చంకనేసుకుని గుమ్మంలోకి పరిగెత్తింది. వ్యాను సరిగ్గా ఇంటి ముందు ఆగి ఉంది. ఎన్ని రాత్రులు ఈ దృశ్యాన్ని కలగందో ఆమెకే తెలుసు. పక్క తలుపు జరిపి గారెత్ చెయ్యి చాపాడు.

"గిటారేది?"

"డీన్ వెళ్ళిపోయాడు. ఎటో తెలీదు, ఇప్పుడే వెళ్ళాడు. పద గారెత్, వ్యాను ఉందిగా, వెతుకుదాం."

గారెత్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "నడవడానికి వెళ్ళుంటాడు. చిన్నపిల్లాడా ఏంటి, వస్తాడు. మేము వెళ్ళి సామాను సర్ది వాయించి చూసుకోవాలి, హాల్లోకి జనాన్ని వదిలేలోపు."

"కర్రలు వదిలేసి వెళ్ళాడు."

డ్రైవరు సీట్లోంచి కొత్తవాడు వెనక్కి తిరిగాడు. "కర్రలా?" అన్నాడు. "డీన్ కర్రలు వదిలేశాడా?" వాడి మొహం పాలిపోయింది. ఆ మాటకి అర్థం ఏమిటో డ్రమ్ములు వాయించేవాడికి తెలుస్తుంది.

"నది దాకా," అంది లోర్నా. "నన్ను నది దాకా దింపండి చాలు."

కొత్తవాడు అద్దంలో గారెత్ వైపు చూశాడు. గారెత్ ఏమీ అనలేదు. జేబులోంచి ఫోను తీసి దాని వంక చూడసాగాడు. ఏమీ అనకపోతే ఏం చెయ్యాలో కొత్తవాడికి అప్పుడే తెలిసిపోయినట్టుంది.

తలుపు జరిగి మూసుకుంది. వెనక ఎర్రటి బ్రేకు దీపాలు వెలిగాయి. ఆరాయి. వ్యాను వెళ్ళిపోయింది.

లోర్నా చెయ్యెత్తలేదు ఈసారి.

ఎల్సీని తోపుడు బండిలో కూర్చోబెట్టి, కర్రల సంచి దాని కాళ్ళ దగ్గర పెట్టి, ఇంటికి తాళం వెయ్యకుండానే బయల్దేరింది. వీధి చివర దారి రెండుగా చీలుతుంది. ఎడమకి పోతే నది. కుడికి పోతే, మూసేసిన తివాచీల దుకాణం మీది గది. నలుగురూ పిల్లలుగా ఉన్నప్పుడు మొదటిసారి వాయించుకున్న చోటు. అతను ఎటైనా వెళ్ళి ఉండవచ్చు. ఆమె ఒక్కతే. భయం ఎటు లాగిందో అటే నడిచింది, ఎడమకి. బండి చక్రం ఒకటి కీచుమంటూనే ఉంది. వెనక సందులో దుప్పట్లు ఇంకా నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

కుడి దారి చూసేవాళ్ళు లేక మిగిలిపోయింది. మీలో ఎవరైనా అటుగా వెళ్తుంటే, దుకాణం పక్కన రంగు పోయిన నీలం తలుపు ఉంటుంది. దాని గడియ ఎప్పుడూ పడదు, తోస్తే తెరుచుకుంటుంది. మెట్లెక్కి వెళ్ళి, పైన ఆకుపచ్చ కోటు మనిషి కూర్చుని ఉన్నాడేమో ఒక్కసారి చూడండి. ఉంటే, ఏమీ అనకుండా మాత్రం వెనక్కి రాకండి.